మూడో 'త'

డ్రై డాక్‌లో ఎండకి ఒళ్ళు ఆరేసుకున్న ఓడ.
నార్వేది. పొట్టకంటిన గుల్లలు గీకడం అయిపోయింది.
మెట్ల పక్క గోడ మీద ఎర్ర అక్షరాలు
మళ్ళీ దిద్దమని నన్ను పిలిచారు.
చీటీలో ఒకే ఒక్క మాట.
అందులో సున్నా, దాని మీద అడ్డగీత.
ఎవరో తప్పు రాసి కొట్టేశారనుకుని
గీత వదిలేసి సున్నా ఒక్కటే వేశాను.
మాట మధ్యలో ఇనప కమ్మి అడ్డొచ్చింది.
నాలుగు వేళ్ళ ఖాళీ ఇచ్చి, అవతల మిగతాది రాశాను.
పూర్ణా మార్కెట్ బోర్డులు ముప్పయ్యేళ్ళు రాసిన చెయ్యి,
ఖాళీ ఎక్కడ అందమో నాకొకరు చెప్పాలా?

మధ్యాహ్నం చీఫ్ మేట్ దిగొచ్చాడు. తూర్‌బ్యోర్న్.
ఉరుముల దేవుణ్ణీ ఎలుగుబంటినీ అతికిస్తే ఆ పేరట.
గోడ చూసి, మెట్టు మీద కూలబడి
కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.
"రొయ్క్‌ఫ్రిత్. కలిపి రాస్తే, పొగ లేని చోటు.
రొయ్క్, ఫ్రిత్. విడగొట్టి రాస్తే,
కాల్చుకో నాయనా, అడిగేవాడు లేడు."
నాకు రొయ్య వినపడింది గానీ పొగ వినపడలేదు.
నూనె ట్యాంకుల దారిలో ఏం రాశానో తెలిసేసరికి
బ్రష్ చేతిలోనే ఆరిపోయింది.

టీ తాగుతూ రేకు మీద సుద్దతో చూపించాడు.
వాళ్ళ మాటలు ఎన్నయినా అతుక్కుంటాయట
వెల్డింగ్ మచ్చ కనపడకుండా.
ఒక్కోచోట నడుమ ఒక 'స', ఒక్కోచోట ఒక 'ఎ'.
ఫిస్క్ చేప, హవ్న్ రేవు, ఫిస్కెహవ్న్.
నేను బోట్ల వైపు చెయ్యి చూపించాను:
చేపలరేవు. మా 'ల' కూడా ఆ జిగురు పనే చేస్తుంది.
పలికేటప్పుడు బరువంతా మొదటి ముక్క మీద దించి
రెండోదాన్ని వెనకాల పిల్లపడవలా లాక్కెళ్ళాడు.
గొంతు కిందికి జారి, చివర లేచింది,
అచ్చం మా బావనపాడు అత్త "ఏటిరా" అన్నట్టు.

రాత్రి అంటే నత్త్. రైలు అంటే తోగ్.
నత్తా? పలాస పాసింజరు గుర్తొచ్చింది.
కలిపితే మూడు 'త'లు రావాలి. రెండే రాశాడు: నత్తోగ్.
మూడోది ఏదీ?
ముగ్గుర్ని పక్కపక్కన నిలబడనివ్వరట.
పంక్తి చివర మాట విరిగితే?
చిన్న గీత పెట్టాడు. ఇటు రెండు, అటు ఒకటి.
పోయింది తిరిగొచ్చింది.

రాత్రి మా పైడి ముందు పెట్టాను ఆ మాట.
ఎనిమిదో తరగతి, గురువులూ లఘువులూ దాని లోకం.
"రెండూ గురువులే నాన్నా" అంది పెన్సిలు కొరుకుతూ.
"కానీ మనం న దగ్గర ఆగి, త్తో అంటాం.
త కింద త పడుకుంటుంది కదా, వాటిని విడదీయలేం.
వాళ్ళు మాట పుట్టినచోట కోస్తున్నారు."
తర్వాత తనే,
"మనకీ పోతాయిలే. వాడెవడులో 'డు' ఏది?
విడదీసి రాయమంటే వస్తుంది."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.
ముగ్గురన్నదమ్ములం మేం. మూడోవాడు ఎల్లాజీ
వెరావల్ బోట్ల మీదికి పోయి పదేళ్ళు.
పెళ్ళికి రాలేదు. అమ్మ దినానికి రాలేదు.
జాలారిపేట రేకుల ఇల్లు పంచుకుందామని
పోయిన నెల మేమిద్దరం కూర్చుంటే,
సుద్దగీత సగంలో ఉండగానే
గుమ్మంలో నిలబడ్డాడు, చంకలో సంచీతో.
వాడికెవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు.

మర్నాడు కమ్మి మీదుగానే రాశాను,
ఒక అక్షరం ఉబ్బినా సరే, ఖాళీ లేకుండా.
సున్నా మీద గీత మాత్రం తూర్‌బ్యోర్నే గీశాడు.

ఓడ కదిలిన రోజు డాల్ఫిన్ కొండ మలుపు దగ్గర
పైనుంచి నాకేదో అరిచాడు.
ఒకే మాట, తాడంత పొడుగు.
ఎక్కడ విరవాలో తెలీక
మొత్తంగా తెచ్చుకున్నాను ఇంటికి.